ఈ-టైప్ కొనాలా, పాత 911 కొనాలా? 95 వేల పౌండ్లు చేతిలో పెట్టుకుని అడిగినాయనకు నా జవాబు

ప్రశ్న క్లుప్తంగా ఇది. అడిగినాయన ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ దగ్గర ఉంటారు. చేతిలో 95 వేల పౌండ్లు ఉన్నాయి. 1966 జాగ్వార్ ఈ-టైప్ 4.2 కూపే (పైకప్పు ఉన్న రకం) ఒకటి, 1972 పోర్షే 911టి ఒకటి చూసి పెట్టుకున్నారు. రెండింటి ధరా ఇంచుమించు ఒకటే. ఆదివారాలు నడపాలి, పదేళ్లు ఉంచుకోవాలి, ఆ తర్వాత అమ్మితే మరీ నష్టం రాకూడదు. మనిషి ఆరడుగుల పైనే ఎత్తు, పిల్లలు ఇద్దరూ ఎనిమిదేళ్ల లోపువాళ్లు, పానా పట్టడం రాదు. "పాత కార్లు సేకరించే కలెక్టర్లయితే ఈ రెండింట్లో దేన్ని కొంటారు?" అని అడిగారు.

911 కొనండి. మీరు చెప్పిన పరిస్థితికి నా జవాబు అదే. ఈ మాట చెబుతున్నవాడు ఇరవై రెండేళ్లుగా, జాగ్వార్‌లు తయారైన కోవెంట్రీ చుట్టుపక్కల ఎక్కువగా జాగ్వార్‌ల మీదే బతికినవాడు. నా సొంత షెడ్డులో ఉన్నది కూడా ఈ-టైపే. నాకు కూడు పెట్టిన బండిని పక్కన పెట్టి రెండోదాన్ని కొనమంటున్నానంటే కారణాలున్నాయి, చెబుతాను. ఒక్క షరతు మాత్రం ముందే చెప్పాలి. మీరు చూసిన ఆ 911 అడుగున రేకు గట్టిగా ఉంటేనే ఈ మాట. అది తుప్పు పట్టి, ఈ-టైప్ నిక్కచ్చిగా ఉంటే జవాబు తిరగబడుతుంది.

నా సంగతి రెండు ముక్కల్లో. విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నకు లేత్ షాపు ఉండేది. బోరింగుకొచ్చిన లారీ ఇంజిన్ల మధ్యే పెరిగాను. ఇంజినీరింగ్ చదివి ఈ దేశం వచ్చి, కొన్నాళ్లు ఆఫీసులో కూర్చుని, మనసు ఊరుకోక పాత కార్ల షెడ్డులో చేరాను. మొదటి నాలుగేళ్లు రేకు పనే చేయించారు, మన దగ్గర టింకరింగ్ అంటామే, అది. ఇంజిన్ల దగ్గరికి ఆ తర్వాతే రానిచ్చారు. అందుకని ఏ కారు చూసినా నా కన్ను ముందు రేకు మీదకే పోతుంది. ఈ జవాబులోనూ ఆ గోలే ఎక్కువ ఉంటుంది, ఓపిక పట్టండి.

ముందు ఆ "కలెక్టర్లు" అన్న మాట సంగతి తేల్చుకుందాం. పేరులో రెండూ సమానమే. ఈ-టైప్ 1961 మార్చిలో జెనీవా మోటార్ షోలో బయటికొచ్చింది. దాని ఆకారం తీర్చిన మాల్కమ్ సేయర్ విమానాల తయారీ నుంచి వచ్చిన మనిషి, గాలి ఎలా పారుతుందో లెక్క కట్టి ఆ వంపులు తెచ్చాడు. షోలో టెస్ట్ డ్రైవ్ కోసం జనం ఎగబడి, ఉన్న కారు చాలక ఇంకోటి తెమ్మని కబురొస్తే, టెస్ట్ డ్రైవర్ నార్మన్ డ్యూయిస్ కోవెంట్రీ నుంచి రాత్రంతా నడిపి తెల్లారేసరికి జెనీవాలో దించాడు. 77 ఆర్‌డబ్ల్యూ నంబరున్న ఆ కారు కథ ఇక్కడి ముసలి మెకానిక్‌లు నిన్న మొన్న జరిగినట్టే చెబుతారు. ఓపెన్ కారు ధర పన్నుతో కలిపి 2,097 పౌండ్లు. ఆ వేగాన్ని ఆ ధరకు ఇచ్చినవాళ్లు అప్పట్లో లేరు.

911 వచ్చింది 1963 సెప్టెంబరులో, ఫ్రాంక్‌ఫర్ట్ షోలో, 901 పేరుతో. మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు తమవని ప్యూజో అడ్డం తిరగడంతో సున్నా తీసేసి ఒకటి పెట్టారు. రెండు లీటర్ల ఇంజిన్, ఆరు సిలిండర్లు పడుకోబెట్టి, గాలితో చల్లారేలా చేసి, కారు వెనక చక్రాలకు కూడా వెనక తగిలించారు. కాగితం మీద చూస్తే తప్పు డిజైన్ అనిపిస్తుంది. దాన్నే పట్టుకుని అరవై ఏళ్లు లాక్కొచ్చారు.

కానీ పేరు వేరు, అరుదుతనం వేరు. ఈ-టైప్‌లు మొత్తం మీద 72 వేల పైచిలుకు తయారయ్యాయి. అవేమీ అరుదు కాదు. 911టి ఆ కాలపు 911లలో అన్నిటికన్నా తక్కువ పవరుది, చవకది. అదీ అరుదు కాదు. కోట్లు పోసి కొనే కలెక్టర్లు వెతికేవి వేరే ఉన్నాయి. బానెట్ గొళ్లెం బయట ఉండే మొదటి ఐదొందల ఈ-టైప్‌లు, రేసుల కోసం కట్టిన పన్నెండు లైట్‌వెయిట్ ఈ-టైప్‌లు, పోర్షేలో 1973 నాటి 2.7 కరేరా ఆర్‌ఎస్, అదీ 1,580 మాత్రమే. మీ బడ్జెట్‌కి అవి దొరకవు, దొరికాయని ఎవరైనా అంటే ఆ మనిషితో మాట్లాడటం అక్కడితో ఆపేయండి. మన స్థాయి కార్లకు విలువ రెండు చోట్లే ఉంటుంది: అడుగున రేకులో, ఫైల్లో కాగితాల్లో. మిగతాదంతా కబుర్లు.

ఇక అసలు తేడా. ఈ-టైప్ నడపడం ఒక అనుభవమే, కాదనను. 4.2 లీటర్ల స్ట్రెయిట్ సిక్స్ ఇంజిన్, అంటే ఆరు సిలిండర్లూ ఒకే వరసలో, మూడు ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్లు, 265 హార్స్‌పవర్ అని కంపెనీ లెక్క. ఆ రోజుల లెక్క కాస్త ఉదారంగా ఉండేది, అది వేరే సంగతి. మూడో గేరులో ముప్ఫై మైళ్ల వేగంలో ఉండి కాలు నొక్కితే, ఏనుగు వెనక నుంచి తోసినట్టు కదులుతుంది. ఎదురుగా ఆ బానెట్ ఎంత దూరం పోతుందో కొస కనిపించదు. 1964 అక్టోబరులో 4.2 వచ్చినప్పుడే గేర్‌బాక్స్ మారి ఫస్ట్ గేరుకి కూడా సింక్రోమెష్ (గేరు గరగరమనకుండా పడేలా చేసేది) వచ్చింది, బ్రేకులు మెరుగయ్యాయి, సీట్లు మనుషులు కూర్చునేలా అయ్యాయి. అందుకే అంతకు ముందున్న 3.8 లీటర్ల దానికన్నా మీరు చూసిన 4.2 మంచి ఎంపిక. కలెక్టర్లు 3.8 అంటే ఇంకో ముద్ద ఎక్కువ తింటారు, నడిపేవాళ్లు 4.2 కొంటారు.

అయితే మీ ఎత్తుకి అందులో ఇరుకే. మోకాళ్లు స్టీరింగ్‌కి తగులుతాయి. పిల్లలకు చోటే లేదు, అది రెండు సీట్ల బండి. 1966లో వచ్చిన 2+2లో వెనక సీటుంది గానీ, పైకప్పు ఎత్తడంతో ఆ అందం పోయింది, అందుకే అది చవక. వేసవిలో బర్మింగ్‌హామ్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే టెంపరేచర్ ముల్లు పైకి పాకుతుంటుంది, మీ టెన్షన్ దాంతోపాటే పాకుతుంది. మంచి రేడియేటర్, కొత్త ఫ్యాన్ వేయిస్తే ఆ బాధ చాలావరకు తీరుతుంది, పూర్తిగా మాత్రం కాదు.

2.4 లీటర్ల 911టిలో యూరప్ మోడల్‌కి 130 హార్స్‌పవరే. ఈ-టైప్‌లో సగం. కానీ బరువు తక్కువ, స్టీరింగ్ రోడ్డు మీద రాయి ఎక్కడుందో చేతికి చెబుతుంది. కిటికీ స్తంభాలు సన్నం, చుట్టూ బయట బాగా కనిపిస్తుంది. ఆరడుగుల మనిషి హాయిగా కూర్చుంటాడు. వెనక రెండు చిన్న సీట్లలో మీ పిల్లలు ఇంకో నాలుగేళ్లు పడతారు. రేడియేటరే లేదు కాబట్టి నీళ్లు మరగడం అన్న సమస్య లేదు. పెడళ్లు నేలలోంచి మొలుస్తాయి, మొదటి వారం వింతగా ఉంటుంది. వానలో మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీంచి ఠక్కున కాలు తీయొద్దు, వెనక భాగం ముందుకొచ్చి పలకరిస్తుంది. ఇది బెదిరించడానికి చెప్పడం లేదు, ఒక కస్టమర్ పూలతోటలో దిగిన కారు స్వయంగా లాగాను.

సరే, రేకు సంగతికొద్దాం.

ఈ-టైప్ కట్టిన తీరు విచిత్రం. మధ్యలో మనుషులు కూర్చునే భాగం రేకుతో చేసిన తొట్టి. దాని ముందు గోడకు చతురస్రాకారపు ఉక్కు ట్యూబుల చట్రం బోల్టులతో బిగించి, అందులో ఇంజిన్ పెట్టారు. ఆ ట్యూబులు లోపలినుంచి తుప్పు పడతాయి, పైకి నిగనిగలాడుతూనే ఉంటాయి. బ్యాటరీ దగ్గర యాసిడ్ కారి తినేసిన ట్యూబులు ఎన్ని మార్చానో. వాటికి వెల్డింగ్ అతుకులు కనబడ్డాయంటే ఇంకేం చూడకుండా బయటికొచ్చేయండి, అవి మార్చాల్సినవే తప్ప అతకాల్సినవి కావు. తొట్టికి బలం తలుపుల కింద ఉండే సిల్స్‌లో ఉంది. నేల, సిల్స్, వెనక సస్పెన్షన్ కడ్డీలు బిగించే చోటు, బానెట్ అంచుల అతుకులు: తుప్పు ఇంటికొచ్చే దారులు ఇవి.

ఒక కేసు చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒకాయన ఎర్ర ఈ-టైప్ ఓపెన్ కారు తెచ్చాడు. ఒక డీలర్ దగ్గర "పూర్తిగా రిస్టోర్ చేసింది" అని కొన్నాడు. పెయింట్ అద్దంలా ఉంది. తలుపు కాస్త పట్టుకుంటోంది, చూడండి అని మాత్రమే వచ్చాడు. జాకీ పెట్టి లేపాం. తలుపు అసలు మూసుకోలేదు. కింద సిల్ మీద కొత్త రేకు తొడిగి, లోపల కుళ్లిందాన్ని అలాగే వదిలేశారు. పైన వేలు మందాన లప్పం. అయస్కాంతం పెడితే గోడకు పెట్టినట్టు జారిపోయింది. చివరికి ఆ మనిషి కారు కొన్న ధరలో సగానికి పైగా మళ్లీ మా దగ్గర పెట్టాడు. డీలర్ మీద కోర్టుకు వెళ్దామనుకుని, లాయర్ ఫీజు విని ఊరుకున్నాడు. ఓపెన్ కారయితే తలుపు తెరిచి, మూసి, జాకీ మీద లేపాక మళ్లీ మూసి చూడండి. సందు మారితే తొట్టిలో బలం లేదు. కూపేకి పైకప్పు కాస్త కాస్తుంది కాబట్టి ఈ పరీక్షలో దోషం అంత తేలిగ్గా బయటపడదు.

911 రేకు బాగుంటుందని మాత్రం అనుకోవద్దు. అదీ తుప్పుకి పుట్టిల్లే. బాడీ మొత్తానికి జింక్ పూత 1976 మోడళ్ల నుంచే వచ్చింది. మీది 1972. ముందు డిక్కీలో పెట్రోలు ట్యాంకు కింద, సస్పెన్షన్ బిగించే పెట్టె ఉంటుంది, అది ముందు పోతుంది. ముందు మూలల్లో బ్యాటరీలు కూర్చునే చోటు, హెడ్‌లైట్ గిన్నెలు, సిల్స్, వెనక స్ప్రింగు పని చేసే టోర్షన్ బార్ వెళ్లే గొట్టం చివర్లు తర్వాత పోతాయి. ఆ ఆఖరుది పోయిందంటే ఖర్చు చాలా పెద్దది. తేడా ఎక్కడంటే, 911లో ఈ చోట్లు చాలావరకు కార్పెట్టు ఎత్తి, ట్యాంకు దించి, లిఫ్టు మీద లేపి చూడొచ్చు. ఈ-టైప్‌లో దాచిపెట్టడానికి చోట్లు ఎక్కువ. అనుభవం లేని కొనుగోలుదారు మోసపోయే అవకాశం ఈ-టైప్‌లోనే ఎక్కువని నా లెక్క. నా జవాబుకు మొదటి కారణం అదే.

పోర్షేలో మోసం రేకులో కన్నా నంబర్లలో జరుగుతుంది. 911 మోడళ్లలో టి చవక, ఎస్ ఖరీదు. 2.4 ఎస్ ఇంజిన్‌కి 190 హార్స్‌పవర్, ధర టికి రెట్టింపు దాకా పలుకుతుంది. కాబట్టి టిని తెచ్చి, ఎస్ స్టిక్కరు, ఫుక్స్ అలాయ్ చక్రాలు వేసి అమ్మడం పాత వ్యాపారం. పట్టుకోవడం కష్టం కాదు. ఆ ఏళ్ల ఛాసిస్ నంబరు పది అంకెలు. 911తో మొదలై, నాలుగో అంకె మోడల్ ఏడాది చెబుతుంది, 1972కి 2, 1973కి 3. ఐదో అంకె అసలు రంగు బయటపెడుతుంది: 3 అయితే ఎస్, 2 అయితే మధ్య మోడల్ 'ఈ', 5 అయితే కార్బురేటర్ టి, 1 అయితే అమెరికా ఇంజెక్షన్ టి, 6 అయితే ఆర్‌ఎస్. ఇంజిన్ మీద కూడా టైపు నంబరు ఉంటుంది, ఎస్‌కి 911/53, మీలాంటి టికి 911/57. ఒకసారి ఒక కస్టమర్ కోసం చూడటానికి వెళ్లిన "ఎస్"లో ఛాసిస్ ఐదో అంకె 5. అమ్మేవాడు ముఖం చూసి, ఆయన కూడా ఎవరి దగ్గరో మోసపోయాడేమోనని జాలేసింది. ఇంజిన్ మీద నంబరు కొట్టిన చోట మాత్రం లోహం రుద్ది నున్నగా చేసి ఉంది. టీ తాగి వచ్చేశాం.

ఇలా చూస్తే 1972 కారు కొనడంలో ఒక చిన్న సరదా కూడా ఉంది. ఆ ఒక్క ఏడాది మాత్రమే ఆయిల్ పోసే మూత కుడి తలుపు వెనక బయట పెట్టారు. పెట్రోలు బంకుల్లో కుర్రాళ్లు అందులో పెట్రోలు పోసేవాళ్లు, దాంతో మరుసటి ఏడాదికే తీసేశారు. మీ కారుకి ఆ మూత లేకపోతే అది 1972 మోడల్ కాదు, లేదా ఆ వైపు రేకు మార్చారు. మూత కలెక్టర్లకు ఇష్టం. బంకులో మీరే పోసుకోండి, ఇంకొకరి చేతికి ఇవ్వకండి.

ఈ-టైప్‌లో ఇలాంటి అబద్ధం ఎక్కువగా స్టీరింగ్ దగ్గర జరుగుతుంది. చాలా కార్లు అమెరికా వెళ్లి తిరిగొచ్చినవే, లెఫ్ట్ హ్యాండ్‌వి, ఇక్కడికొచ్చాక రైట్ హ్యాండ్‌కి మార్చినవి. మార్చడం నేరం కాదు, చెప్పకపోవడమే తప్పు. 4.2 కూపే ఛాసిస్ నంబరు 1ఈ తర్వాత 2తో మొదలైతే పుట్టుకతోనే రైట్ హ్యాండ్, 3తో మొదలైతే లెఫ్ట్. జాగ్వార్ పాత రికార్డులు ఉండే జాగ్వార్ డైమ్లర్ హెరిటేజ్ ట్రస్ట్ దగ్గర సర్టిఫికెట్ తీసుకుంటే మొదటి రంగు, ఇంజిన్ నంబరు, గేర్‌బాక్స్ నంబరు, బాడీ నంబరు, ఏ దేశానికి వెళ్లిందో అన్నీ వస్తాయి. అది లేకుండా డబ్బు కట్టొద్దు. ఒక్క మాట: అమెరికాలో ఎండ రాష్ట్రాల నుంచి వచ్చిన లెఫ్ట్ హ్యాండ్ కారు రేకులో ఇంగ్లండ్ ఉప్పు రోడ్ల మీద తిరిగినదానికన్నా చాలా బాగుంటుంది. నా సొంత కారు అలాంటిదే. సీట్లు ఎండకు పొడైపోయాయి, డాష్‌బోర్డు పగిలింది, కానీ కింద ఫ్యాక్టరీ పెయింట్ ఇంకా ఉంది. దాన్ని లేపి నిలబెట్టడానికి ఏడేళ్ల ఆదివారాలు పట్టాయి. మా ఆవిడ దాన్ని సవతి అంటుంది, నేను కాదనను.

ఇక నడిపే ఖర్చు, మీకు పానా పట్టడం రాదు కాబట్టి ఇది ముఖ్యం. ఈ-టైప్‌లో విడిభాగాలు చవక, దొరకనిదంటూ లేదు, బానెట్ దగ్గర్నుంచి స్క్రూ దాకా కొత్తవి వస్తాయి. కూలీయే గూబ గుయ్‌మనిపిస్తుంది. క్లచ్ ప్లేటు మార్చాలంటే ఇంజిన్, గేర్‌బాక్స్ కలిపి బయటికి తీయాలి. వెనక బ్రేకు డిస్కులు చక్రాల దగ్గర కాకుండా లోపల, చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్ గేర్ల పెట్టెని అంటుకుని ఉంటాయి. ఆ వేడికి డిఫరెన్షియల్ ఆయిల్ సీలు పోయి, ఆయిల్ సరిగ్గా డిస్కు మీదే పడుతుంది. పని సక్రమంగా చేయాలంటే వెనక సస్పెన్షన్ మొత్తాన్ని దించాలి. సొంతంగా చేసుకునేవాడికి ఇది ఆట, బయట ఇచ్చేవాడికి బిల్లు. మా షెడ్డుకు ఆదాయం ఎలా వస్తోందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

911లో దీనికి సరిగ్గా తిరగేసి. ఇంజిన్ దించడం తేలిక, చేయి తిరిగినవాడు ఒక పూటలో కిందికి దించుతాడు. కానీ ఇంజిన్ విప్పి కట్టడమంటే 20 వేల పౌండ్లు చాలా సులువుగా దాటుతుంది. విడిభాగాలకు పోర్షే అన్న పేరుకు వేరే రేటు. కాబట్టి ఇంజిన్ ఆరోగ్యం ముందే తేల్చుకోవాలి: సిలిండర్లు గాలి పట్టి ఉంచుతున్నాయో చెప్పే కంప్రెషన్, లీక్ డౌన్ టెస్టు రెండూ చేయించండి, ఆ రెండు మూడొందల పౌండ్లు చూసుకోవద్దు. వాల్వుల్ని నడిపే క్యామ్ చెయిన్‌ని బిగువుగా ఉంచే టెన్షనర్లు మెరుగైనవి వేశారా అని అడగండి, పాతవి ఫెయిలయితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. సెకండ్ గేరు చల్లగా ఉన్నప్పుడు కాస్త మొరాయిస్తుంది, వేడెక్కాక కూడా గరగరమంటే సింక్రో అరిగినట్టు. హీటర్ వేస్తే పొగ వాసన వస్తోందంటే సైలెన్సర్ దగ్గర, పొగ గొట్టాల వేడిని లోపలికి పంపే హీట్ ఎక్స్‌ఛేంజర్లకు చిల్లులు పడ్డాయి. ఆయిల్ మట్టం ఇంజిన్ వేడెక్కి, ఆన్‌లో ఉండగా, చదునైన నేల మీదే చూడాలి. ఇది తెలియక చల్లగా ఉన్నప్పుడు చూసి, తక్కువుందని లీటర్లు లీటర్లు పోసి తెచ్చేవాళ్లు ఏడాదికి ఇద్దరైనా మా దగ్గరికొస్తారు. ఆయిల్ ఎయిర్ ఫిల్టర్ దాకా ఎక్కి ఉంటుంది.

బడ్జెట్ మిగులుతుందని 1974 నుంచి 77 మధ్య 2.7 లీటర్ల 911ల వైపు మాత్రం చూడకండి, మెగ్నీషియం క్రాంక్‌కేసులోంచి (ఇంజిన్ కింది డబ్బాలోంచి) సిలిండర్ హెడ్ స్టడ్డులు ఊడి వచ్చే రోగం వాటికుంది. బాగు చేయించిన బిల్లు ఉంటే వేరు. అసలు నిజాయితీగా అడిగితే, ఏడాదికి ఐదారు వేల మైళ్లు నడుపుతానంటే 1978 తర్వాతి 911ఎస్‌సీ కొనమంటాను. బాడీకి జింక్ పూత, మూడు లీటర్ల గట్టి ఇంజిన్, ధర మీ బడ్జెట్‌కి చాలా కింద. కానీ మీరు అడిగింది అది కాదు, ఆ పాత ముఖం, సన్నటి బంపర్లు మీ మనసులో పడ్డాయి. అది అర్థమయ్యే విషయమే.

డబ్బు విషయానికొస్తే. 2010 తర్వాత నాలుగైదేళ్లు పాత 911ల ధరలు పిచ్చిపట్టినట్టు పెరిగి 2015 ప్రాంతంలో ఆగాయి. ఈ-టైప్‌లు కూడా ఆ ఊపులోనే పెరిగి, తర్వాత ఎక్కువ మెత్తబడ్డాయి. నా వరకు కారణం వయసే. ఈ-టైప్ పోస్టరు గోడకు అంటించుకున్న కుర్రాళ్లకు ఇప్పుడు డెబ్భై దాటాయి, వాళ్లు కొనడం మానేసి అమ్మడం మొదలెట్టారు. 911 అలా కాదు, ప్రతి తరానికీ కంపెనీ ఒక కొత్త 911 అమ్ముతూనే ఉంది, కొత్తది కొన్నవాడు ఏదో ఒక రోజు పాతదాని వైపు చూస్తాడు. అందుకే పదేళ్ల తర్వాత కొనేవాడు దొరకడం 911కే తేలికని నమ్ముతున్నాను. ఇది నా అంచనా, షేర్ మార్కెట్ సలహా కాదు. ఇన్సూరెన్స్, షెడ్డు అద్దె, సర్వీసింగ్ లెక్కేస్తే ఈ రెండింట్లో ఏదీ బ్యాంకు డిపాజిట్‌ని గెలవకపోవచ్చు. ఒక్క ఊరట ఏంటంటే, ఈ దేశంలో సొంత కారు అమ్మితే వచ్చే లాభం మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు. నలభై ఏళ్లు దాటిన కారుకి రోడ్డు ట్యాక్స్ కట్టక్కర్లేదు, పెద్ద మార్పులు చేయకపోతే ఏటా చేసే ఎంఓటీ అనే ఫిట్‌నెస్ పరీక్షా తప్పనిసరి కాదు. అయినా మీరు ఏటా చేయించండి, వేరొకరి కళ్లు ఏడాదికోసారైనా కారు అడుగున పడాలి. ఇన్సూరెన్సు "ఒప్పుకున్న విలువ" పద్ధతిలోనే, అంటే కారు పోతే ఎంతివ్వాలో ముందే రాసుకునేదే తీసుకోండి, ఫోటోలు, వాల్యుయేషన్ కాగితం ముందే ఇచ్చి. పెట్రోలు సూపర్ రకం, అంటే ఈ5 పోయించండి. 2021 నుంచి మామూలు పెట్రోలు ఈ10 అయింది, అంటే పది శాతం దాకా ఇథనాల్ కలిసినది, ఆ ఇథనాల్ పాత రబ్బరు గొట్టాల్ని తినేస్తుంది. రెండు కార్లకూ కొన్న మొదటి వారమే పెట్రోలు గొట్టాలు మార్పించడం నా అలవాటు.

నా జవాబు ఎప్పుడు మారుతుందో కూడా చెప్పాలి. పిల్లలు వెనక కూర్చోవాల్సిన పని లేకపోతే, మీ ఊళ్లో నమ్మకమైన జాగ్వార్ మెకానిక్ ఉంటే, ఆ కూపే ఒక్క యజమాని చేతిలో ముప్ఫై ఏళ్లు ఉండి, రిస్టోర్ చేసిన ప్రతి దశకీ ఫోటోలు, బిల్లులు ఉంటే, ఈ-టైపే కొనండి. ఏదైనా పల్లె పబ్బు ముందు ఆపితే నలుగురు చుట్టూ చేరి కబుర్లు మొదలెడతారు, 911కి ఆ భాగ్యం లేదు. దానికి తల తిప్పి చూసేది ఇంకో 911 వాడే.

కానీ మీరు పంపిన వివరాల్లో ఆ కూపేకి "పాత యజమాని చెప్పిన ప్రకారం" అన్న మాట మూడుసార్లు ఉంది, బిల్లులు ఒక్కటీ లేవు. 911 ఫైల్లో 1990ల నుంచి సర్వీసు కాగితాలు, ఇంజిన్ కట్టించిన బిల్లు, రేకు పనికి ముందు తీసిన ఫోటోలు ఉన్నాయి. ఆ ఫోటోల్లో తుప్పు ఉంది. ఉండాలి కూడా. తుప్పు ఫోటో తీసి దాచుకున్నవాడు దాన్ని బాగు చేయించి ఉంటాడు.

ఆ 911 చూడటానికి వెళ్లే ముందు రోజు అమ్మేవాడికి ఫోన్ చేసి, మేం వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్లగానే వెనక మూత మీద చేయి వేయండి. వెచ్చగా ఉంటే ఎందుకు వేడెక్కించాడో అడగండి. చల్లగా ఉంటే స్టార్ట్ చేయమనండి. మొదట్లో కొద్దిగా నీలం పొగ వస్తుంది, పడుకున్న సిలిండర్లలోకి రాత్రి ఆయిల్ దిగుతుంది కాబట్టి అది మామూలే. నిమిషం తర్వాత కూడా పొగ ఆగకపోతే, ఇంజిన్ కట్టించిన ఆ బిల్లు మీద తారీఖు, మైళ్లు ఇంకోసారి చూడండి.